డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండులో ఆల్టో కుర్చీ: జానీ హాడ్జెస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జానీ హాడ్జెస్ ఎవరు?

అమెరికా జాజ్ స్వరకర్త, పియానిస్టు డ్యూక్ ఎల్లింగ్టన్ నడిపిన బ్యాండులో ఆల్టో సాక్సోఫోన్ వాయించిన మనిషి. 1928లో చేరాడు, 1970లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మధ్యలో ఒక్కసారి అలిగి నాలుగేళ్ళు బయటికి వెళ్ళాడు. అది తీసేస్తే 38 ఏళ్ళు ఒకే నాయకుడి దగ్గర, ఒకే వరసలో కూర్చుని వాయించాడు.

జాజ్ చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా సంగీతాన్ని మలుపు తిప్పినవాళ్ళ పేర్లే చెబుతారు. ఆర్మ్‌స్ట్రాంగ్, పార్కర్, మైల్స్ డేవిస్, కోల్ట్రేన్. హాడ్జెస్ ఏ మలుపూ తిప్పలేదు. ఇరవై ఏళ్ళ వయసులో ఎలా వాయించాడో అరవై ఏళ్ళ వయసులోనూ ఇంచుమించు అలాగే వాయించాడు, ఇంకాస్త నిదానంగా. అయినా ఎల్లింగ్టన్ బ్యాండు అనగానే విన్నవాళ్ళ చెవిలో ముందు మోగేది ఆయన ఆల్టోనే. నా మటుకు నాకు ఆ బ్యాండు కథ సగం హాడ్జెస్ కథే.

బిగ్ బ్యాండ్ అంటే ఏమిటి? అందులో సాక్సోఫోన్ వాళ్ళు ఏం చేస్తారు?

సుమారు పదిహేను మంది ఉండే జాజ్ బృందం. ట్రంపెట్లు మూడో నాలుగో, ట్రాంబోన్లు మూడు, ముందు వరసలో సాక్సోఫోన్లు, పక్కన పియానో, బేస్, డ్రమ్స్, కొన్నిసార్లు గిటారు. 1930లు, 40లలో అమెరికా డాన్స్ హాళ్ళు నడిచింది వీళ్ళ మీదే.

సాక్సోఫోన్ వరసలో మామూలుగా ఐదుగురు ఉంటారు: పై స్థాయిలో రెండు ఆల్టోలు, వాటి కింద రెండు టెనర్లు, అడుగున ఒక బారిటోన్. ఎక్కువసేపు వాళ్ళ పని కలిసి వాయించడమే. రాసిన స్వరాన్ని ఐదుగురూ ఒకే ఊపిరితో ఎత్తుకోవాలి, ఒకేసారి ఆపాలి. మధ్యలో ఒకరు లేచి ముందుకొచ్చి సోలో వాయించి, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంటారు. మూడు నిమిషాల రికార్డులో సోలోకి దొరికేది ముప్పై సెకన్లో, మహా అయితే నిమిషమో. ఆ కాస్త టైములో తన మాట చెప్పేసి కూర్చోవాలి. హాడ్జెస్‌లా పొదుపుగా వాయించడం ఆ రికార్డులే నేర్పాయని నా అనుమానం.

ఎక్కడ పుట్టాడు? సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

1907 జులై 25న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్‌లో పుట్టాడు. పాత పుస్తకాల్లో 1906 అని కనిపిస్తుంది. తర్వాత కుటుంబం పక్కనే ఉన్న బోస్టన్‌కు మారింది. హామండ్ స్ట్రీట్ చుట్టుపక్కల వాళ్ళ పేట. సాక్సోఫోన్ పిల్లలకు ఆ పేటలో కొదవ లేదు. హ్యారీ కార్నీ అక్కడివాడే. తర్వాతి రోజుల్లో ఎల్లింగ్టన్ బ్యాండులో బారిటోన్ పట్టుకుని 1927 నుంచి 1974 దాకా కదలని మనిషి ఇతనే. అంటే చిన్ననాటి ఇరుగుపొరుగు ఇద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా ఒకే వరసలో కూర్చున్నారన్నమాట.

గురుకులం, శిక్షణ అంటూ పెద్దగా ఏమీ లేదు. ముందు ఇంట్లో పియానో, తర్వాత డ్రమ్స్, పద్నాలుగేళ్ళ ప్రాయంలో సాక్సోఫోన్. చాలావరకు విని నేర్చుకున్నదే.

సిడ్నీ బెషే ఆయనకు గురువు అంటారు, నిజమేనా?

గురువు అనదగినవాడు ఎవరైనా ఉంటే ఆయనే. బెషే న్యూ ఓర్లీన్స్ మనిషి, క్లారినెట్, సొప్రానో సాక్సోఫోన్ రెండిట్లోనూ మహా గట్టివాడు. బోస్టన్‌లో ఒక థియేటర్‌లో ప్రదర్శనకు వచ్చినప్పుడు కుర్ర హాడ్జెస్ కలవడానికి వెళ్ళాడు. హాడ్జెస్ సోదరికి బెషే పరిచయం. ఆ ధైర్యంతో చిన్న సొప్రానో సాక్సోఫోన్‌ను ఒక పాత కోటు చేతిలో చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాడు. చంకలో ఏమిటది అని బెషే అడిగాడు, సాక్సోఫోన్ అని చెబితే వాయించగలవా అన్నాడు. అప్పటి జనానికి తెలిసిన ఒక పాట వాయిస్తే మెచ్చుకున్నాడు. పెద్దయ్యాక హాడ్జెస్ స్వయంగా చెప్పిన కథ ఇది. మాట పొదుపు మనిషి కాబట్టి దీనికి రంగులు అద్ది ఉంటాడని నాకనిపించదు.

1925 ప్రాంతంలో బెషే న్యూయార్క్‌లోని హార్లెంలో క్లబ్ నడిపినప్పుడు హాడ్జెస్‌ను పక్కన పెట్టుకున్నాడు. తను రాకపోతే తన భాగాలు ఈ కుర్రవాడే వాయించేవాడు. బెషే వాయిద్యంలో రెండు గుణాలుండేవి: ఒకటి నిండైన ధ్వని, రెండోది స్వరం నుంచి స్వరానికి జారే పద్ధతి. హాడ్జెస్ రెండూ తీసుకున్నాడు. బెషేలో ఉన్న ఆవేశం, వణుకు మాత్రం వదిలేశాడు.

ఎల్లింగ్టన్ దగ్గరికి ఎలా చేరాడు?

అప్పటికి ఆ బ్యాండులో ఆల్టో వాయించేది ఒట్టో హార్డ్‌విక్. 1928లో టాక్సీ ప్రమాదంలో అతని ముఖానికి గాయాలయ్యాయి. ఆ ఖాళీలోకి మే నెలలో హాడ్జెస్ వచ్చాడు. అంతకుముందు డ్రమ్మర్, బ్యాండు నాయకుడు చిక్ వెబ్ లాంటివాళ్ళ దగ్గర కొన్నాళ్ళు వాయించాడు. హార్డ్‌విక్ తర్వాత కోలుకుని తిరిగొచ్చాడు గానీ, సోలో కుర్చీ అప్పటికే హాడ్జెస్‌ది అయిపోయింది.

అప్పుడు ఎల్లింగ్టన్ బ్యాండు హార్లెంలోని కాటన్ క్లబ్‌లో వాయిస్తోంది. వేదిక మీద వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళు నల్లవాళ్ళు. బల్లల దగ్గర కూర్చుని చూసేవాళ్ళు తెల్లవాళ్ళు. ఆ క్లబ్ నుంచి వెళ్ళే రేడియో ప్రసారాలే బ్యాండు పేరును దేశమంతా మోశాయి. హాడ్జెస్ తర్వాత పెళ్ళి చేసుకున్న అమ్మాయి కూడా కాటన్ క్లబ్‌లో నర్తకే.

‘రాబిట్’ అనే ముద్దుపేరు ఎందుకొచ్చింది?

ఎవరి కథ వాళ్ళకుంది. లెట్యూస్ ఆకులు, టమాటా పెట్టిన శాండ్‌విచ్‌లు కుందేలులా నమిలేవాడు కాబట్టి అని కార్నీ చెప్పేవాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి, పట్టుకోవడానికి వచ్చినవాళ్ళకు దొరక్కుండా పరుగెత్తేవాడు కాబట్టి అనేది ఇంకో కథ. ఫొటో చూస్తే మూడో కారణం మీకే తడుతుంది. ‘జీప్’ అని మరో పేరు కూడా ఉంది, దాని మీదే 1938లో ‘జీప్స్ బ్లూస్’ వచ్చింది.

ఆయన నాదంలో అంత ప్రత్యేకత ఏముంది? మన గమకాల్లాంటిదేనా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. కాస్త వివరంగా చెప్పాలి.

సాక్సోఫోన్‌కు మీటలున్నాయి. ఒక మీట నొక్కితే ఒక స్వరం పలుకుతుంది. పైకి చూస్తే హార్మోనియంలాగే స్వరాలన్నీ విడివిడి మెట్లు. అసలు గుట్టు మౌత్‌పీస్ దగ్గరుంది. అక్కడ వెదురు జాతి రెల్లుతో చేసిన రీడ్ ఒకటి కింది పెదవి మీద ఆని ఉంటుంది. పెదవి పట్టు కాస్త సడలిస్తే స్వరం కిందికి దిగుతుంది, బిగిస్తే తిరిగి దాని చోటికి వస్తుంది. దించడం తేలిక, అసలు స్థాయిని దాటించి పైకి ఎక్కించడమే కష్టం. అందుకని కింది నుంచి మీదికి జారి రావాలంటే ముందే పెదవి వదులు చేసి, స్వరాన్ని తక్కువలో మొదలుపెట్టి, ఊపిరి తగ్గకుండా మెల్లగా బిగించుకుంటూ రావాలి. దూరం ఎక్కువైతే వేళ్ళను కూడా మీటల మీద నుంచి ఒక్కసారిగా కాకుండా నిదానంగా తీయాలి. ఈ రెండూ అతుకు కనబడకుండా కలవాలి. చాలామంది వాయిస్తే ఎక్కడో ఒకచోట చిన్న గంటు వినిపిస్తుంది. హాడ్జెస్ దగ్గర వినిపించదు.

కర్ణాటక సంగీతం వినేవాళ్ళకు ‘జారు’ తెలుసు కాబట్టి ఇది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. నాదస్వరంలోనూ పెదవితో, ఊపిరితో స్వరాల మధ్య చోటును పలికిస్తారు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చిన షేక్ చినమౌలానా వాయిద్యం విన్న చెవికి హాడ్జెస్ పరాయివాడిలా అనిపించడు. ఆల్టో సాక్సోఫోన్ మీదే కర్ణాటక గమకాలు పలికించిన కద్రి గోపాల్‌నాథ్ సంగతి సరేసరి. కాకపోతే తేడా ఉంది. మన దగ్గర గమకం రాగ లక్షణంలో భాగం, ఏ స్వరం ఊగాలో, ఏది నిలబడాలో రాగమే చెబుతుంది. హాడ్జెస్‌కు అలాంటి కట్టుబాటు లేదు. పాటలోని మాట ఎక్కడ బరువెక్కాలో చూసుకుని అక్కడే జారతాడు, మిగతాచోట్ల స్వరాన్ని నేరుగా పెట్టేస్తాడు. పొద్దస్తమానం జారితే వెగటు పుడుతుంది. ఆయన్ని అనుకరించిన చాలామందికి ఈ లెక్క తెలియలేదు.

ఇక రెండోది, కాలం. తాళం కన్నా ఒక పిసరు వెనకగా వాయిస్తాడు. డ్రమ్స్ వెళ్ళిపోతోంది, ఈయనింకా తొందరపడడం లేదు అనిపిస్తుంది. సరిగ్గా వాక్యం ముగిసేచోట మాత్రం తాళంతో కలిసి దిగుతాడు.

తర్వాతి తరం ఆల్టో వాద్యకారుడు చార్లీ పార్కర్ ఆయన్ని ఆనాటి ఒపేరా గాయని లిలీ పాన్స్‌తో పోల్చాడు. ఆల్టోను పాడించేవాడు అని అర్థం.

ఎల్లింగ్టన్ నిజంగా హాడ్జెస్ కోసమే రాసేవాడా?

రాసేవాడు, దానికి కాగితం సాక్ష్యం కూడా ఉంది. ఎల్లింగ్టన్ రాతప్రతులు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉన్నాయి. మామూలు బ్యాండుల్లో ఒక్కో భాగం మీద ‘మొదటి ఆల్టో’, ‘రెండో టెనర్’ అని రాస్తారు. ఇక్కడ చాలా కాగితాల మీద మనుషుల పేర్లే ఉంటాయి. హాడ్జెస్ భాగం మీద ‘రాబ్’ అని ఉంటుంది, రాబిట్‌కి పొట్టి పేరు. అది ఆల్టో కోసం రాసింది కాదు, ఈ మనిషి కోసం రాసింది. మరొకరు ఆ కుర్చీలో కూర్చుంటే స్వరాలు అవే వస్తాయి, పాట మాత్రం రాదు.

1938 చివర్లో పరిచయమై బ్యాండులో భాగమైన స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. ‘డే డ్రీమ్’, ‘ప్యాషన్ ఫ్లవర్’ లాంటివి హాడ్జెస్ గొంతు చెవిలో పెట్టుకుని రాసినవే. 1943 జనవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఎల్లింగ్టన్ ‘బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్’ అనే పెద్ద రచన వినిపించాడు. అమెరికాలో నల్లవాళ్ళ చరిత్రే దాని వస్తువు. బానిసలుగా ఉన్నవాళ్ళు చర్చి బయట నిలబడి లోపలి ప్రార్థన వినే ఘట్టానికి రాసిన ‘కమ్ సండే’ రాగాన్ని హాడ్జెస్ చేతిలో పెట్టాడు. హాడ్జెస్ దాన్ని అలంకారాలేమీ లేకుండా, పద్యం చదివినట్టు వాయించాడు.

పాటలకు బాణీలు హాడ్జెస్‌వి, పేరు ఎల్లింగ్టన్‌ది అంటారు. అందులో నిజమెంత?

కొంత నిజమే. బిగ్ బ్యాండుల్లో రిహార్సల్ జరుగుతుండగా ఎవరో ఒకరు ఒక చిన్న పలుకు వాయిస్తారు, నాయకుడు దాన్ని పట్టుకుని పాట అల్లుతాడు. ఎల్లింగ్టన్ ఈ విద్యలో ఆరితేరినవాడు. బ్యాండు వాళ్ళ దగ్గర పలుకులు చిన్న మొత్తాలకు కొనేసేవాడని చెబుతారు. 1940లో ‘నెవర్ నో లామెంట్’ అనే పేరుతో మాటల్లేకుండా వచ్చిన బాణీకి 1942లో మాటలు చేరి ‘డోంట్ గెట్ అరౌండ్ మచ్ ఎనీమోర్’ అయింది. పెద్ద హిట్. దాని మూలం హాడ్జెస్ సోలోల్లోదేనని బ్యాండులో చెప్పుకునేవారు, కానీ కాగితాల మీద బాణీ ఎల్లింగ్టన్ పేరునే ఉంది. ‘ఐయామ్ బిగినింగ్ టు సీ ద లైట్’ మీద మాత్రం హాడ్జెస్ పేరు మరో ముగ్గురితో కలిపి ఉంది.

ఈ కోపం హాడ్జెస్ దాచుకోలేదు. తన పలుకుతో తయారైన పాట వేదిక మీద మొదలవగానే పియానో వైపు తిరిగి బొటనవేలు, చూపుడువేలు రుద్దుతూ నోట్లు లెక్కపెడుతున్నట్టు సైగ చేసేవాడు. కచేరీ నడుస్తుండగానే, జనం చూస్తుండగానే. ఎల్లింగ్టన్ చూసీ చూడనట్టు నవ్వుతూ వాయించుకుపోయేవాడు.

తప్పెవరిది అంటే నేను హాడ్జెస్ పక్షమే. కాకపోతే ఒక సంగతి ఒప్పుకోవాలి. నాలుగు స్వరాల పలుకును ముప్పై రెండు బార్ల (తాళం కొలతల) పాటగా మలచడం, దాని చుట్టూ పద్నాలుగు మందికి భాగాలు రాయడం చిన్న పనేమీ కాదు. సగం సగం పంచుకుని ఉంటే ఇద్దరికీ గౌరవంగా ఉండేది.

సొప్రానో సాక్సోఫోన్ ఎందుకు మానేశాడు?

1940 తర్వాత దాన్ని ముట్టలేదు. రెండు వాయిద్యాలకు రెండు జీతాలు అడిగితే ఎల్లింగ్టన్ ఇవ్వలేదని, అందుకే పెట్టెలో పెట్టేశాడని బ్యాండు వాళ్ళు చెప్పే కథ. ఆయన స్వభావం చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

అప్పట్లో నల్లజాతి బ్యాండు దేశమంతా ఎలా తిరిగేది?

దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు హోటల్ గది ఇచ్చేవాళ్ళు కాదు, చాలాచోట్ల భోజనం కూడా పెట్టేవాళ్ళు కాదు. 1930లలో ఎల్లింగ్టన్ బ్యాండు దీనికి ఒక దారి కనిపెట్టింది. పడకలుండే పుల్మన్ రైలు పెట్టెలు సొంతంగా అద్దెకు తీసుకుని వాటిలోనే పడుకునేవారు, వాటిలోనే తినేవారు. ఊళ్ళో వాయించి, మళ్ళీ స్టేషన్‌కు వచ్చి తమ పెట్టె ఎక్కేవారు. అంత డబ్బు పెట్టగల బ్యాండులు తక్కువ, మిగతావాళ్ళు బస్సుల్లో నానా అవస్థలు పడ్డారు.

1938 జనవరి 16న బెన్నీ గుడ్‌మన్ కార్నెగీ హాల్ కచేరీ జరిగింది. తెల్లజాతి నాయకుడి బ్యాండు అది. అతిథులుగా హాడ్జెస్, కార్నీ, ట్రంపెటర్ కూటీ విలియమ్స్ వెళ్ళి వాయించారు. ఎల్లింగ్టన్ వెళ్ళలేదు.

అంత పేరుండగా 1951లో ఎల్లింగ్టన్‌ను ఎందుకు వదిలేశాడు?

డబ్బు, గుర్తింపు, ఇరవై మూడేళ్ళ విసుగు. పైగా రికార్డుల నిర్మాత నార్మన్ గ్రాంజ్ సొంతంగా చేసుకొమ్మని ప్రోత్సహించాడు. ట్రాంబోన్ వాయించే లారెన్స్ బ్రౌన్, మొదటి నుంచీ ఉన్న డ్రమ్మర్ సన్నీ గ్రీర్ కూడా హాడ్జెస్‌తో వచ్చేశారు. ఎల్లింగ్టన్‌కు ఒకేసారి మూడు స్తంభాలు కూలినట్టయింది. ఆయనా ఊరుకోలేదు. హ్యారీ జేమ్స్ బ్యాండు నుంచి ముగ్గుర్ని లాక్కొచ్చుకున్నాడు. జాజ్ వాళ్ళు దాన్ని ఇప్పటికీ ‘జేమ్స్ దోపిడీ’ అని నవ్వుకుంటారు.

బయటికి రాగానే హాడ్జెస్‌కు ఒక హిట్ దొరికింది, ‘క్యాసిల్ రాక్’. విచిత్రం చూడండి, అందులో మోతంతా టెనర్ వాయించిన ఆల్ సియర్స్‌ది, రచన కూడా అతనిదే. నాయకుడు హాడ్జెస్, హిట్ ఇంకొకరి సాక్సోఫోన్‌ది! ఎల్లింగ్టన్‌కు ఎన్నేళ్ళుగా జరుగుతున్నదేమిటో అప్పుడు తెలిసొచ్చి ఉంటుంది.

ఆ చిన్న బ్యాండు మంచి బ్యాండే. 1954లో అందులో టెనర్ వాయించిన కుర్రవాడి పేరు జాన్ కోల్ట్రేన్. తనను మొదట బలంగా ప్రభావితం చేసింది హాడ్జెసేనని కోల్ట్రేన్ తర్వాత చెప్పుకున్నాడు. అప్పుడతను హెరాయిన్‌కు బానిస, కూర్చున్నచోటే తూగేవాడు. హాడ్జెస్ కొన్నాళ్ళు ఓపిక పట్టి పంపించేశాడు. 1962లో అదే కోల్ట్రేన్ ఎల్లింగ్టన్‌తో కలిసి ‘ఇన్ ఎ సెంటిమెంటల్ మూడ్’ రికార్డు చేస్తే, ఆ పాటను ఇంత అందంగా వాయించగా వినలేదని హాడ్జెస్ అన్నాడట.

సొంత బ్యాండు నడపడమంటే వాయించడం ఒక్కటే కాదు. బుకింగులు, జీతాలు, ప్రయాణాలు, జనంతో మాటలు అన్నీ చూసుకోవాలి. మైకు ముందు రెండు మాటలు మాట్లాడడమే ఇష్టం లేని మనిషికి అదో పెద్ద టెన్షన్. 1955లో ఎల్లింగ్టన్ దగ్గరికి తిరిగి వచ్చేశాడు.

న్యూపోర్ట్ 1956 కచేరీలో హాడ్జెస్ చేసిందేమిటి?

1956 జులై 7 రాత్రి, అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. ఎల్లింగ్టన్ పని అయిపోయిందని పత్రికలు రాస్తున్న రోజులు. ఆ రాత్రి టెనర్ వాయించే పాల్ గొన్సాల్వెస్ ఆగకుండా 27 ఆవృత్తాలు (పాట చట్రాన్ని 27 సార్లు తిప్పుతూ) సోలో వాయించాడు. జనం కుర్చీల మీదికి ఎక్కారు, నడిదారుల్లో నాట్యం చేశారు. తొక్కిసలాట అవుతుందేమోనని నిర్వాహకులు బెదిరిపోయి ఇక ఆపమన్నారు.

ఎల్లింగ్టన్ ఆపలేదు. హాడ్జెస్‌ను ముందుకు పిలిచాడు. హాడ్జెస్ ‘ఐ గాట్ ఇట్ బ్యాడ్’ వాయించాడు, ఆ వెంటనే ‘జీప్స్ బ్లూస్’. రెండూ నిదానం పాటలు. ఊగిపోతున్న వేలమందిని మళ్ళీ కూర్చోబెట్టడానికి ఆ రాత్రి దొరికిన మందు ఆ రెండే. చరిత్ర పుస్తకాల్లో గొన్సాల్వెస్ పేజీలకు పేజీలు ఉంటాడు, ఇది ఒక్క వాక్యంలో పోతుంది. గొన్సాల్వెస్ సోలోకి వంక పెట్టను గానీ, ‘జీప్స్ బ్లూస్’ వినకుండా ఆ రికార్డు కట్టేయకండి. ఒక హెచ్చరిక: 1956లో వచ్చిన ఎల్పీలో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి చప్పట్లు అతికించినది. 1999లో వచ్చిన పూర్తి ప్రచురణ వెతుక్కోండి.

చార్లీ పార్కర్, బీబాప్ (1940ల నాటి వేగమైన కొత్త జాజ్ పద్ధతి) వచ్చాక హాడ్జెస్ పాతబడిపోయాడా?

ఫ్యాషన్ పరంగా, అవును. 1940లలో ‘డౌన్‌బీట్’ పత్రిక పాఠకుల ఓటింగులో ఆల్టో విభాగం చాలా ఏళ్ళు హాడ్జెస్‌దే. తర్వాత ఆ చోటు పార్కర్‌ది అయింది. కుర్రకారంతా వేగం వెంట పడ్డారు. 1952లో గ్రాంజ్ ఒక స్టూడియో సెషన్‌లో హాడ్జెస్, బెన్నీ కార్టర్, పార్కర్ ముగ్గుర్నీ ఒకేచోట కూర్చోబెట్టాడు. వినండి. పార్కర్ వంద మాటలు చెప్పేలోపు హాడ్జెస్ పది చెబుతాడు, ఆ పదీ గుర్తుంటాయి.

ఇండియాకు ఎప్పుడైనా వచ్చాడా?

వచ్చాడు. 1963లో అమెరికా విదేశాంగ శాఖ ఎల్లింగ్టన్ బ్యాండును మధ్యప్రాచ్యం, దక్షిణాసియా దేశాలకు పంపింది. ప్రచ్ఛన్న యుద్ధం రోజులు, జాజ్‌ను రాయబారిగా వాడుకుంటున్నారు. స్వదేశంలో నల్లవాళ్ళు ఓటు హక్కు కోసం దెబ్బలు తింటుంటే, విదేశాల్లో అమెరికా స్వేచ్ఛకు ప్రతినిధులుగా నల్ల సంగీతకారులను చూపించడం. ఆ వైరుధ్యం బ్యాండులో ఎవరికీ తెలియంది కాదు. పర్యటన ఢిల్లీ, హైదరాబాద్, బెంగళూరు, మద్రాసు, బొంబాయి, కలకత్తాల మీదుగా సాగింది. ఢిల్లీలో ఎల్లింగ్టన్ జబ్బుపడి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. నవంబరు 22న కెన్నెడీ హత్య వార్త వచ్చేసరికి బ్యాండు టర్కీలో ఉంది, పర్యటన అక్కడితో రద్దయింది.

ఆ ప్రయాణం ఫలితంగా ‘ఫార్ ఈస్ట్ సూట్’ వచ్చింది, 1966 డిసెంబరులో రికార్డు చేశారు. అందులో ‘ఆగ్రా’ కార్నీ బారిటోన్ కోసం రాసింది, ఢిల్లీ గోరింక మీద రాసినది క్లారినెట్‌కు. హాడ్జెస్‌కు దక్కింది ‘ఇస్ఫహాన్’, ఇరాన్ నగరం పేరు.

‘ఇస్ఫహాన్’ పర్షియన్ సంగీతమా?

కాదు. స్ట్రేహార్న్ ఆ బాణీని పర్యటనకు ముందే వేరే పేరుతో రాసి పెట్టుకున్నాడు, ఊరి పేరు తర్వాత వచ్చి చేరింది. అయినా పోలికల కోసం వెతక్కుండా వింటే ఇంతకన్నా మంచి హాడ్జెస్ రికార్డు మరోటి లేదని నా అభిప్రాయం. కొన్నిచోట్ల బ్యాండు మొత్తం ఠక్కున ఆగిపోతుంది. ఆ ఖాళీలో ఆయనొక్కడే, తోడు డ్రమ్స్ కూడా లేదు. ఏ తొందరా లేకుండా రెండు స్వరాల మధ్య జారి, బ్యాండు తిరిగి అందుకునే చోటికి సరిగ్గా వచ్చి నిలబడతాడు.

1967 మే నెలలో స్ట్రేహార్న్ అన్నవాహిక క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆసుపత్రి మంచం మీద నుంచి చివరగా పంపిన రచన ‘బ్లడ్ కౌంట్’, అదీ హాడ్జెస్ కోసమే. ఆగస్టులో దాన్ని రికార్డు చేశారు. గొంతెత్తి ఎరగని హాడ్జెస్ అందులో ఒకచోట దాదాపు అరుస్తాడు. మంచి మూడ్‌లో ఉన్నప్పుడు పెట్టుకోవద్దు.

వేదిక మీద ఎప్పుడూ ముభావంగా ఉంటాడెందుకు?

వీడియోలు చూసినవాళ్ళంతా అడుగుతారు. నడిచి వస్తాడు, కళ్ళు ఎటో చూస్తుంటాయి, ముఖంలో కండరం కదలదు. ప్రపంచంలో అతి తీయని శబ్దం చేస్తూ కరెంటు బిల్లు క్యూలో నిలబడ్డవాడిలా ఉంటాడు. వాయించి, తలవంచీ వంచనట్టు వంచి వెళ్ళిపోతాడు. పొగరు అని కొందరు, బిడియం అని దగ్గరివాళ్ళు. చదువు పెద్దగా లేకపోవడం, నలుగురిలో మాట్లాడాలంటే జంకు కూడా కారణాలు కావచ్చు.

ఎలా చనిపోయాడు?

1970 మే 11న న్యూయార్క్‌లో, పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు గుండెపోటు వచ్చింది. అప్పటికి బ్యాండు ‘న్యూ ఓర్లీన్స్ సూట్’ రికార్డు చేస్తోంది. ఏప్రిల్ 27 సెషన్‌లో హాడ్జెస్ ఒక బ్లూస్ వాయించాడు. తర్వాతి సెషన్‌కు సిడ్నీ బెషే మీద ఒక రచన సిద్ధంగా ఉంది. ముప్పై ఏళ్ళుగా ముట్టని సొప్రానోను దానికోసం బయటికి తీయమని ఎల్లింగ్టన్ అడిగాడు. సెషన్ మే 13న. రెండు రోజుల ముందే హాడ్జెస్ పోయాడు. ఆ భాగాన్ని గొన్సాల్వెస్ టెనర్ మీద వాయించాడు.

ఇక మీదట మా బ్యాండు ఎప్పటికీ ఇదివరకటిలా పలకదని ఎల్లింగ్టన్ ప్రకటించాడు. పొగడ్తల విషయంలో ఆయన చేయి పెద్దదే గానీ, ఈ మాటలో అతిశయోక్తి లేదు. ఆ తర్వాతి నాలుగేళ్ళ రికార్డులు వింటే తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

జాజ్ అలవాటు లేనివాళ్ళు 1959లో ఎల్లింగ్టన్‌తో చిన్న బృందంగా చేసిన ‘బ్యాక్ టు బ్యాక్’ వినండి. పాత బ్లూస్ పాటలు, హడావుడి లేదు. తర్వాత ‘ఇస్ఫహాన్’. ఆ తర్వాత వెనక్కి, 1940 నాటి ‘వార్మ్ వ్యాలీ’కి వెళ్ళండి. రికార్డు పాతది, గరగర ఉంటుంది, రెండు నిమిషాల్లో చెవి సర్దుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. జారు అంతా మధ్య స్థాయిలో జరుగుతుంది, చిన్న స్పీకర్ సగం మింగేస్తుంది.

ఐదు సాక్సోఫోన్లు కలిసి వాయిస్తుంటే హాడ్జెస్ ఏదో గుర్తుపట్టడం ఎలా?

మొదట కార్నీని పట్టుకోండి, అడుగున ఉండే బారిటోన్, అది తేలిక. అక్కణ్ణుంచి పైకి వస్తూ, వాక్యం చివర అందరూ స్వరం ఆపేచోట చెవి పెట్టండి. నలుగురు ఆపేస్తారు. ఒక ఆల్టో ఇంకొక్క పిసరు నిలిచి, కాస్త కిందికి వంగి ఆగుతుంది.